పైడిరాజు మాస్టారి ఎరుపు

మొన్న ఉదయం మా బిలాస్‌పూర్ స్టేషన్‌లో పాదవంతెన మెట్లు దిగుతుంటే పచ్చి ఎనామిల్ పెయింటు వాసన తగిలింది. పైన టర్పెంటైన్ ఘాటు, దాని వెనక నూనె, ఆ రెండింటి వెనక ఎండకు కాగిన ఇనుము. మామూలు మనుషులు ముక్కు మూసుకుని రెండు మెట్లు తొందరగా దిగిపోయే వాసన అది. నేను ఆగి, కళ్ళు మూసుకుని, గుండె నిండా పీల్చాను. పీల్చేటప్పుడు ఆసరా కోసం రెయిలింగ్ పట్టుకున్నాను. "మేడమ్, గీలా హై, గీలా హై!" అని కింద నుంచి పెయింటర్ అరిచేసరికే ఆలస్యమైపోయింది. అరచేతి నిండా తడి రంగు. బట్టలకు అంటకుండా ఆ చేతిని పైకెత్తి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే, దీవిస్తున్నాననుకుందో ఏమో, ఎదురొచ్చిన ఒక ముసలమ్మ తల వంచింది కూడా.

ఆ వాసన నాకు పైడిరాజు మాస్టారి వాసన. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. కాని మా ఊరి మీదుగా రైల్లో ఎప్పుడైనా వెళ్ళి ఉంటే ఆయన చేతిరాత చదివే ఉంటారు. బోగీ తలుపు పక్కన నంబరు, కిటికీల కింద ఊరి పేరు, గూడ్సు పెట్టె పక్కన పొడి అక్షరాల బరువు లెక్క. ఉద్యోగం చేసినంత కాలం క్యారేజీ షెడ్డులో ఆయన పని అదే. రిటైరయ్యాక మా ఆర్ట్ కాలేజీలో వారానికి రెండు రోజులు అక్షరాల క్లాసు చెప్పేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు బ్రష్షు. అక్షరాలా అక్షరాల మనిషి. నా తలరాత ఎవరు రాశారో నాకు తెలియదు గాని, చేతిరాత మాత్రం ఆయన రాసినదే.

మా తాత పార్వతీపురం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న గూడ్సు బళ్ళు నడిపే లోకో పైలట్. మూడో తరంలో నేను పట్టాలు తప్పాను, బొమ్మలు వేస్తానన్నాను. పక్క క్వార్టర్ పిన్ని అడిగింది: "బొమ్మల కాలేజీయా? పాసైతే ఏటిస్తారే, బొమ్మా?" కాలేజీ అంటే సదర్ బజార్ వెనక సందులో ఒక పాత మేడ. కింద స్టీలు సామాన్ల గోదాము, పైన మేము. కింద ఎవరైనా గంగాళం జారవిడిస్తే పైన మా చేతులు ఉలిక్కిపడేవి. అందుకే మా గీతల్లో వణుకు కొంత మా సొంతం, కొంత గిన్నెలది.

మొదటి రోజే మాస్టారు మా చేత ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క ఊరి పేరు రాయించి, వరండా గోడకు వరసగా తగిలించి, "దౌడో!" అన్నారు. మేం మొహాలు చూసుకున్నాం. ఆయన నవ్వలేదు. వరండా ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెడుతూ గోడ మీది పేర్లు పైకి చదవాలి. ఎవరి పేరు దగ్గర నోరు తడబడితే వాళ్ళు ఆ పేరు మళ్ళీ రాయాలి. నేను నా అక్షరాలకు తీగలు, మొగ్గలు, చివర్లలో నెమలి ఈకలు పెట్టాను. పన్నెండు మంది పరిగెత్తారు, పన్నెండు మందీ నా అట్ట దగ్గర ఆగిపోయారు. ఒకడైతే వెనక్కి వచ్చి, తల వంచి, వేలు పెట్టి చదివాడు. నా అందం వాళ్ళను కట్టిపడేసిందని కాసేపు పొంగిపోయాను. మాస్టారు నా పక్కకు వచ్చి, తెలుగు పిల్లనని తెలుసు గనుక, తెలుగులో అన్నారు: "గుంటా, నీ అచ్చరం బాగుంది. రైలెలిపోనాది."

కామిక్స్ పేజీలు నేర్పేటప్పుడు ఆయన పట్టుబట్టే పద్ధతి ఇంకొకటి ఉండేది. అందరూ ముందు మాటల బుడగ గీసి, తరవాత మాటల్ని అందులో ఇరికిస్తారు. చివరి రెండు అక్షరాలకు చోటు చాలక అవి సైకిలు వెనక కూర్చున్న చుట్టాల్లా వేలాడుతుంటాయి. ఆయన ఒప్పుకునేవారు కాదు. "మాట ముందు, బుడగ తరవాత. మనిసి ఎంత మాటాడతాడో వినకండా పీటేసేస్తే ఆడెక్కడ కూకుంటాడు?" అనేవారు.

ఆయన క్లాసులో కఠినమైన నియమం మాత్రం రంగు డబ్బాల గురించి. ప్రతి మూత మీదా ఆ రంగు పేరు ఆయన చేత్తోనే, తెలుగులో, చక్కటి గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేది. మూత దాని డబ్బాకే పెట్టాలి. మిగతా పిల్లలందరూ హిందీ వాళ్ళు, వాళ్ళకవి ముగ్గులు. కాబట్టి "ఎరుపు తే" అని ఎప్పుడూ నన్నే పంపేవారు. నేను వెళ్ళి ఎరుపు తెచ్చేదాన్ని. ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. నాకూ అవి ముగ్గులే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో హిందీ చదివాం. పెళ్ళి శుభలేఖ వస్తే పేర్లు ఎవరైనా పైకి చదివేదాకా ఆగి, "ఆ, చూశాను" అనే రకం నేను. డబ్బా అంచున కారిన రంగు చూసి ఎరుపు తెచ్చేదాన్ని తప్ప, మూత చదివి కాదు.

ఒకసారి డబ్బాలు తుడిచి పెట్టే వంతు నాది. మూతలన్నీ కడిగి, ఎండలో ఆరబెట్టి, తోచినట్టు మూసేశాను. ఆ మధ్యాహ్నం కాలేజీ వార్షికోత్సవానికి మాస్టారు బోర్డు రాశారు. "ఎర్రక్షరాలు దూరం నుంచి పిలుస్తాయి" అని మాకు వివరిస్తూ, ఆకుపచ్చ అక్షరాలు రాసుకుంటూ పోయారు. హాస్యమాడుతున్నారనుకుని క్లాసంతా నవ్వింది. ఆయన బ్రష్షు ఆగింది. మా మొహాలు చూశారు, బోర్డు చూశారు, డబ్బా మూత చూశారు. "మూతలు మార్చింది ఎవరు?" అన్నారు. ఆ గొంతు మేం ముందెప్పుడూ వినలేదు. నేనూ మిగతావాళ్ళతో పాటు ఎవరా అని చుట్టూ చూశాను. ఆ పూట క్లాసు జరగలేదు. ఇంత చిన్న విషయానికి అంత కోపమేమిటని మేం టీ కొట్టు దగ్గర చాలాసేపు ఆశ్చర్యపోయాం. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టు నటించినది నేనే.

నేను ఆఖరి ఏడు చదువుతుండగా మా ఊళ్ళో కామిక్స్ మేళా పెట్టారు. పెద్దగా ఊహించుకోకండి. రైల్వే కాలనీలో ఒక హాలు, మడత బల్లలు, రాయ్‌పూర్ నుంచి, నాగ్‌పూర్ నుంచి వచ్చిన కొందరు చిత్రకారులు, పిల్లలు రంగులు వేసుకోవడానికి ఒక మూల, అన్నిటికన్నా రద్దీగా ఉండే సమోసాల బల్ల. మా కాలేజీకీ ఒక బల్ల ఇచ్చారు. పిల్లలందరూ తలా నాలుగు పేజీలు ఈ ఊరి మీద కథ వెయ్యాలని, అన్నీ కలిపి పుస్తకంగా అచ్చు వేసి మేళాలో పెట్టాలని ప్రిన్సిపల్ మేడమ్ అందరినీ సమావేశపరిచి నిర్ణయించారు. ప్రతి పేజీ చూసి సరేననవలసిన బాధ్యత మాస్టారిది. అదే సమావేశంలో మేడమ్ ఇంకో మాట కూడా అన్నారు. కంప్యూటర్లో వేల రకాల అక్షరాలున్నాయి, పిల్లలు అవే వాడుతున్నారు, చేతిరాత క్లాసు అవసరమా కాదా అన్నది మేళా అయ్యాక ఆలోచిద్దాం అని. మాస్టారు "అచ్ఛా మేడమ్" అన్నారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం నాతో అన్నారు: "క్లాసు తీసెత్తే నానేటి సెయ్యాలే? ఇంటికాడ కూకుంటే ఎండిపోయిన డబ్బానైపోతాను." ఆ మాట నవ్వుతూనే అన్నారు. కాని ఆ నెలంతా ఆయన ప్రతి పేజీనీ ఇంటికి పట్టుకెళ్ళి, తెల్లారి మళ్ళీ తెచ్చేవారు.

నా నాలుగు పేజీల్లో కథ నాన్నది. సీపత్ పవర్ ప్లాంటులో బొగ్గు దింపి, ఖాళీ బండితో నాన్న తిరిగొచ్చేటప్పుడు, మా క్వార్టర్ వెనక ఒక్కోరోజు సిగ్నల్ దొరక్క బండి ఆగేది. ఆగిన ఆ కాసేపట్లో, బడికి వెళ్ళడానికి రిక్షా కోసం నిలబడ్డ నన్ను ఇంజను కిటికీలోంచి చూసి చెయ్యి ఊపేవాడు. నాన్న డ్యూటీలకు వేళాపాళా ఉండేది కాదు గనుక కొన్ని వారాల్లో మేం ఒకరినొకరం చూసుకున్నది అలాగే. ఎర్రదీపం వెలిగిన రోజే నాన్న నన్ను చూసిన రోజు. మూడో పేజీ మొత్తం సిగ్నల్ స్తంభమే వేశాను. మూడు దీపాలు, అందులో పైది వెలుగుతోంది, ఎర్రగా. దాని కింద చిన్న ఇంజను, ఇంకా చిన్నగా ఊగుతున్న ఒక చెయ్యి.

మాస్టారు ఆ పేజీ చూసి అడిగారు: "సిగ్నలిచ్చేసినా మీ నాన్న బండెందుకు ఆపేడే?"

"ఇవ్వలేదు కదా మాస్టారూ, రెడ్ కదా," అన్నాను.

ఆయన కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళారు. వెలుతురులో ఇటు తిప్పారు, అటు తిప్పారు. "రెడ్డా?" అన్నారు. "అచ్ఛా. అచ్ఛా, అచ్ఛా." ఇంకేదో అనబోయి, ఆగి, పేజీ నా చేతికిచ్చేశారు. రెండేళ్ళలో ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా నా కాగితం నా దగ్గరకు తిరిగి రావడం అదే మొదలు. ఆనందంతో ఆ సాయంత్రం క్లాసందరికీ సమోసాలు తినిపించాను.

మేళా మొదటి రోజు ఉదయమంతా బాగానే నడిచింది. పదకొండింటికి మిశ్రాజీ వచ్చారు. రిటైరైన లోకో ఇన్‌స్పెక్టరు, డ్రైవర్ల తప్పులు పట్టడమే జీవితంగా బతికిన మనిషి, మాస్టారికి పాత స్నేహితుడు. పుస్తకం పేజీలు తిప్పుతూ వచ్చి నా మూడో పేజీ దగ్గర ఆగి, హాలంతా వినిపించేలా నవ్వారు. "అరే, లాల్ బత్తీ ఊపర్? యే రేల్ కా సిగ్నల్ హై కి చౌక్ కా?" ఎర్రదీపం పైనా, ఇది రైలు సిగ్నలా, చౌరస్తా సిగ్నలా అని.

అప్పుడు నా వంటి మీద నీళ్ళు పోసినట్టయింది. రోడ్డు సిగ్నల్లో ఎరుపు పైనుంటుంది. రైలు సిగ్నల్లో ఎరుపు అన్నిటికన్నా కింద, డ్రైవరు చూపుకు దగ్గరగా ఉంటుంది, ఆకుపచ్చ పైన. పట్టాల పక్కన పుట్టి, సిగ్నల్ దీపం వెలుతురులో పెరిగి, బొమ్మ వెయ్యాల్సి వచ్చేసరికి స్కూటీ మీద రోజూ ఆగే చౌరస్తాని వేశాను. ఇంకే ఊళ్ళోనైనా ఎవరూ పట్టించుకోని తప్పు. మా ఊళ్ళో పాలవాడు కూడా పట్టేస్తాడు. అయిదు నిమిషాల్లో మా బల్ల చుట్టూ జనం. "ఎవరమ్మాయి ఇది?" "లోకో పైలట్ కూతురంట!" "అచ్ఛా? అయితే ఆయన ఎక్కిన బండి ఎక్కకూడదు." నేను బల్ల కింద దూరడానికి చోటు ఉందా అని చూశాను. పుస్తకాల కట్టలున్నాయి. అన్నిట్లోనూ అదే పేజీ.

ప్రిన్సిపల్ మేడమ్ వచ్చారు. గొంతు పెంచలేదు, అదే ఇంకా భయం. "మాస్టర్జీ, పేజీలన్నీ చూసినది మీరే కదా? ఇన్నేళ్ళు రైల్వేలో ఉండి ఇది మీకెలా కనిపించలేదు?" అని హిందీలో అడిగారు.

మాస్టారు తలొంచుకుని నిలబడ్డారు. మేళా అయ్యాక క్లాసు తీసేస్తారేమోనన్న సంగతి నాకు గుర్తొచ్చింది. "మేడమ్, మాస్టారు చూశాక నేనే మార్చేశాను. ఆయన చూసినప్పుడు సరిగ్గానే ఉంది," అన్నాను. అప్పటికప్పుడు అల్లిన కథ. కథకురాలిగా నా సత్తా ఎంతో మేడమ్ మొహంలో కనిపించింది. అయినా అది చాలు. మాస్టారు ఊరుకుంటే గండం గడిచిపోతుంది, నా మీద నాలుగు అక్షింతలు పడతాయి, అంతే.

ఆయన ఊరుకోలేదు. "నోరు ముయ్యే గుంటా," అన్నారు మెల్లగా. తరవాత మేడమ్ వైపు తిరిగి హిందీలో, "ఈ పిల్ల అబద్ధం చెబుతోంది. తప్పు పేజీయే నేను చూశాను, సరేనన్నాను," అన్నారు. పిల్లలు రంగులు వేసుకునే మూలకు నడిచి వెళ్ళి, అక్కడి నుంచి రెండు ఐస్‌క్రీం కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకదాంట్లో ఎరుపు, ఒకదాంట్లో ఆకుపచ్చ. మూతల్లేవు, పేర్లు లేవు. పుస్తకం తెరిచి, జేబులోంచి బ్రష్షు తీసి, నన్ను చూశారు.

"ఈ రెండిట్లో ఎర్రది ఏదో నాకు తెల్దు. నువ్వు సెప్పు."

అందరికీ అర్థం కావాలని అదే మాట హిందీలో మళ్ళీ అన్నారు. హాస్యమనుకుని మిశ్రాజీ ఒక్కరే నవ్వారు. ఆ నవ్వుకు తోడు ఎవరూ రాకపోయేసరికి మధ్యలో ఆగిపోయింది.

అక్కడే, అందరి ముందూ చెప్పుకొచ్చారు. పందొమ్మిదేళ్ళ వయసులో ఆయన బొబ్బిలి నుంచి ఇంజను మీద ఉద్యోగానికే వచ్చారట. కళ్ళ పరీక్షలో డాక్టరు రంగు చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి, ఇందులో అంకె ఎంత అని అడిగాడట. వరసలో ముందున్నవాళ్ళందరూ టకటకా చెప్పేశారు. ఈయనకు ఆరబోసిన ధాన్యం కనిపించింది తప్ప అంకె కనిపించలేదు. ఇంజను పోయింది. షెడ్డులో పెయింటర్ల దగ్గర ఖలాసీ పని దొరికింది. "రంగు తెల్దన్నోడి సేతికి రంగు డబ్బా ఇచ్చేరు. దేవుడిదీ రైల్వేదీ ఒకటే ఏళాకోళం," అన్నారు. మూతల మీద పేర్లు రాసుకోవడం అక్కడి పెద్ద పెయింటరు నేర్పాడట, ఎవరికీ చెప్పనని మాటిచ్చి. బొగ్గు మసి ఇష్టం లేక, అక్షరాల మీద ప్రేమతో పెయింటరయ్యానని ఈయన లోకానికి చెప్పుకున్నారు. చెప్పగా చెప్పగా అదీ నిజమైంది. రంగు బయటపడుతుందని బతుకంతా భయపడిన మనిషి, నిండిన హాల్లో, అడిగినవాళ్ళ కన్నా ఎక్కువే చెప్పారు.

తరవాత నాతో, తెలుగులో: "సిగ్నల్లో కిందది ఆగమంటాది, పైది పొమ్మంటాది. నా ఎరుపు రంగు కాదే, జాగా. నీ బొమ్మలో పైది ఎలుగుతంది. నువ్వేమో రెడ్ అన్నావు. తప్పు జాగాలో పెట్టేవని నాకు అప్పుడే తెలిసిపోనాది. కిందకి దింపమంటే సరిపోను. కానీ మొదట పచ్చదనుకున్నారేటి మాస్టారూ, కనబడదా అని నువ్వడుగుతావని బయమేసింది. నా బయం నీ తప్పుని దాసేసింది."

నేను ఎరుపు కప్పును ఆయన చేతి దగ్గరకు జరిపాను.

మిశ్రాజీ గొంతు సవరించుకున్నారు. "యార్, నాకైనా చెప్పొచ్చు కదా ఇన్నేళ్ళలో," అన్నారు హిందీలో. మాస్టారు తలెత్తకుండా, "నీకు చెబితే షెడ్డంతటికీ మైకులో చెప్పినట్టే," అన్నారు. ఈసారి నవ్వు అందరిదీ. మేడమ్ ఒక కుర్చీ లాగి మాస్టారి వెనక పెట్టి, కూర్చోమన్నట్టు వీపు మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నమంతా అదే పని. ప్రతి పుస్తకం తెరిచి పైదీపాన్ని నేను నల్లగా ఆర్పేదాన్ని, కిందదీపాన్ని ఆయన వెలిగించేవారు. వృత్తలేఖిని లేకుండా, ఒక్క తిప్పులో, గుండ్రంగా. మిశ్రాజీ పేజీలకు అట్టతో విసిరి ఆరబెట్టి, ఒక్కొక్కటి తనిఖీ చేసి, "పాస్" అని పక్కన పెట్టేవారు. ఆ రోజు మేళాలో బొమ్మలు వేస్తుంటే నిలబడి చూసే జనం ఉన్న బల్ల మాదొక్కటే. తప్పు చేస్తే ఇంత పేరు వస్తుందని ముందే తెలిస్తే ఇంకో నాలుగు చేసేదాన్ని.

జనం పలచబడ్డాక, బ్రష్షు ఆపకుండా, ఆయన వైపు చూడకుండా అన్నాను: "మాస్టారూ, ఆ రోజు మూతలు మార్చింది నేనే. నాకు తెలుగు చదవడం రాదు."

ఆయన బ్రష్షు ఆగింది. "మరి నాను ఎరుపు తెమ్మంటే రోజూ ఎలా తెచ్చేదానివే?"

"డబ్బా అంచు మీద కారిన రంగు చూసి."

పక్కనున్న కప్పు అంచు వైపు చూశారు. తరవాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వులో చెయ్యి వణికి ఒక దీపం కోడిగుడ్డులా సాగిపోయింది. ఆ ఒక్క కాపీకి మిశ్రాజీ పాస్ ఇవ్వలేదు, అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అక్షరం చూసి రంగు తెలుసుకునే ఆయన, రంగు చూసి అక్షరం తెలిసినట్టు నటించే నేను, రెండేళ్ళు ఒకే గదిలో, ఒకే డబ్బాల ముందు, ఒకరికొకరం భయపడుతూ గడిపామన్నమాట. ఎవరో ఒకరు ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

మర్నాడు నాన్న డ్యూటీ దిగి, స్నానమైనా చెయ్యకుండా మేళాకు వచ్చాడు. హాల్లో జరిగినదంతా అప్పటికే డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో విన్నాడు. మా కాలనీలో వార్తకు ఎప్పుడూ గ్రీన్ సిగ్నలే. పుస్తకం తీసి మూడో పేజీ చాలాసేపు చూశాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. నాన్న చూస్తున్నది సిగ్నల్‌ని కాదు, కింద ఇంజను కిటికీలో ఊగుతున్న చేతిని. "అంత చిన్నగా కనబడేవాడినా?" అన్నాడు. తరవాత మాస్టారి దగ్గరకు వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. ఇంటికి వచ్చే దారిలో నాతో అన్న మాట మాత్రం గుర్తుంది: "మాకు కొన్నేళ్ళకోపాలి కళ్ళ పరీక్సే. ఆ ముందు వారం నాకు ముద్ద దిగదు. ఆయనకి రోజూ పరీక్సేనే."

అక్షరాల క్లాసును తీసెయ్యలేదు. ఇంకో మూడేళ్ళు నడిచింది. మోకాళ్ళు మేడ మెట్లు ఎక్కనివ్వని రోజున ఆయనే మానేశారు. ఆ మూడేళ్ళూ ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజు తన కళ్ళ సంగతి తనే చెప్పేవారు, హాజరు తీసుకున్నంత మామూలుగా. ఆదివారాలు నేను సిర్గిట్టి అవతల ఆయన ఇంటికి వెళ్ళి తెలుగు చదవడం నేర్చుకున్నాను. మొదటి పాఠాలు డబ్బా మూతలే. ఈ నాలుగు మాటలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ మూతల పుణ్యం. తప్పులుంటే నావి. పాఠం అయ్యాక నేను కొత్తగా వేసిన పేజీ ఏదైనా ఇద్దరి మధ్యా పెట్టుకుని, "నాకిలా కనబడతంది. నీకెలా కనబడతందో సెప్పు," అనేవారు. ఒకే కాగితంలో రెండు బొమ్మలుండేవి. చాలాసార్లు ఆయన చూసిన బొమ్మే మెరుగ్గా ఉండేది. ఆయన పోయి రెండు చలికాలాలు గడిచాయి.

ఇప్పుడు అదే మేడలో నేను పాఠాలు చెబుతున్నాను. కొత్త ఏడాది మొదటి క్లాసులో నా అచ్చయిన పేజీ ఒకటి గోడకు తగిలించి, ఇందులో నాకు కనబడనిది ఏదో చెప్పమని పిల్లల్ని అడుగుతాను. మొదట మేడమ్‌కి తప్పు చూపించడం ఎలాగని గోళ్ళు చూసుకుంటారు. నేనూ పైకి ధైర్యంగా నవ్వుతాను గాని, ప్రతిసారీ ఆ పేజీని నేనే దొంగచాటుగా ఇంకోసారి వెతుకుతాను. ఆ నిశ్శబ్దాన్ని కొంచెం సాగనివ్వాలి. ఈసారి చాలా సాగింది. చివరి బెంచీలో ఒక పిల్ల సగం చెయ్యి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది.

"మేడమ్, ఆ సైకిల్‌కి చైను లేదు."

చూశాను. నిజంగానే లేదు. పుస్తకం అచ్చయి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఆ సైకిలు మీద ఒక పోస్టుమాన్ చైను లేకుండానే తొక్కుకుంటూ ఊరంతా ఉత్తరాలు పంచుతున్నాడు. "నాకు తెలియలేదు," అన్నాను. ఆ మాట అనడం ఇప్పటికీ సులువుగా రాదు, కాని వస్తుంది. పెన్ను ఆ పిల్ల చేతికిచ్చి, చైను ఎక్కడ మొదలై ఎక్కడికి వెళుతుందో వేసి చూపించమన్నాను. ఆ పిల్ల గోడ దగ్గరకు వచ్చింది. నేను వెలుతురుకు అడ్డం లేకుండా పక్కకు జరిగి, నేర్చుకోవడానికి నిలబడ్డాను.